ఎడమచేత్తో పెట్టిన సంతకం

నాకు మొహమాటం లేదని మావాళ్ళందరూ అంటారు. ముక్కుసూటి మనిషినని, నోరు ఊరుకోదని కూడా అంటారు. రెండూ నిజమే. కానీ నేను చేసిన పెద్ద తప్పు మాత్రం మొహమాటంతోనే చేశాను, అదీ బిర్యానీ తింటూ చేశాను.

అప్పటికి ఆక్లండ్ శివారు టకానినిలో ఇల్లు కొనుక్కుని రెండేళ్ళయింది. ఒక శనివారం మధ్యాహ్నం బోటనీ డౌన్స్‌లో ఒక హాలు అద్దెకు తీసుకుని తెలిసినవాళ్ళు బాబు పుట్టినరోజు చేశారు. పేపరు ప్లేటు ఎడమ మోచేతి మీద నిలబెట్టుకుని కుడిచేత్తో కలుపుకుని తింటున్నాను. అప్పుడొచ్చారు అంకుల్, చేతిలో రాత ప్యాడ్‌తో.

అంకుల్ అంటే ఎవరో చెప్పాలి. నేను చదువు కోసం ఆక్లండ్‌లో దిగిన రోజున విమానాశ్రయానికి వచ్చి నా రెండు సూట్‌కేసులూ మోసిన మనిషి. మొదటి ఫ్లాట్ వెతికిపెట్టింది ఆయన, కారు నడపడం నేర్పింది ఆయన, నేను సిగ్నల్ లైటు వేయబోయి వైపర్లు వేసినప్పుడల్లా ఓపిగ్గా ఆపింది ఆయన. ఫ్లాట్ బుష్‌లో పెద్ద ఇల్లు, టకానినిలో అద్దెకిచ్చిన ఇల్లు ఉన్నాయి. మా తెలుగువాళ్ళలో ఏ పని పడ్డా ముందు ఆయనకే ఫోన్ వెళుతుంది.

"ఏమ్మా, ఇక్కడో సంతకం పెట్టమ్మా. మనోళ్ళందరూ పెట్టారు" అన్నారు.

"ఏంటంకుల్ ఇది?"

"మీ ఇంటి దగ్గర్లో హాస్టల్ కడతారంట కదా. వందమంది పిల్లలంటే ఎన్ని కార్లొస్తాయి చెప్పు. పార్కింగ్‌కి చచ్చిపోతాం. వద్దని రాస్తున్నాం, అంతే."

సంగతేమిటంటే, మా ఇంటికి రెండు వీధుల అవతల ఖాళీ స్థలంలో ముస్లిం ఆడపిల్లల కోసం హాస్టల్‌తో కూడిన బడి కట్టాలని ఒక ట్రస్టు వాళ్ళు దరఖాస్తు పెట్టుకున్నారు. ఆ హాస్టల్ ఏ నియమాలకు లోబడి నడవాలో కౌన్సిల్ ఒక ముసాయిదా రాసి, చుట్టుపక్కల జనం తమ అభిప్రాయం చెప్పాలని కోరింది. అంకుల్ చేతిలో ఉన్నది ఆ అభిప్రాయం రాసే ఫారం. 'వ్యతిరేకం' అన్నచోట ముందే టిక్కు పెట్టి, కారణం దగ్గర పార్కింగ్ అని టైపు చేసి, కట్టగట్టి తెచ్చారు.

వద్దనడానికి నోరు రాలేదు. ఆ మనిషి నా సూట్‌కేసులు మోశాడు. పైగా నాకు ఆ హాస్టల్ గురించి ఒక్క ముక్క తెలియదు. తెలియకపోతే తెలుసుకుని పెడతాననాలి. అనలేదు. కుడిచేయి మసాలాలో ఉంది కనుక ఎడమచేత్తో పెన్ను అందుకున్నాను. అడుగున ఇంకో రెండు గడులు ఉన్నాయి, ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టేయమన్నారు, పెట్టేశాను. కోడి కెలికినట్టున్న సంతకం చూసి ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత డబుల్ కా మీఠా తినడానికి వెళ్ళాను.

మొహమాటానికి పోతే కడుపైందని మా గుంటూరు వైపు ఒక మోటు సామెత. అది నాకు మూడు వారాల తర్వాత, ఆఫీసులో టీ కలుపుకుంటుండగా గుర్తొచ్చింది. ఫోన్ మోగింది. చేసింది మా చెల్లెలు.

సొంత చెల్లెలు కాదు. చదువుకునే రోజుల్లో పాపటోయ్‌టోయ్‌లో మా ఫ్లాట్‌లో ఒక గది ఖాళీ అయితే కడప నుంచి వచ్చిన ఒక ముస్లిం జంట అందులో దిగింది. ఆయన చదువుకుంటూ రాత్రి డ్యూటీలు చేసేవాడు. ఆమె కడుపుతో ఉండేది. వచ్చిన మూడోరోజే నన్ను అక్కా అంది, నేనూ చెల్లీ అన్నాను, అది అలాగే స్థిరపడిపోయింది. వాళ్ళ పాప పుట్టినప్పుడు ఆసుపత్రిలో ఆమె చెయ్యి పట్టుకుని నిలబడింది నేనే. పాపకు నేను పెద్దమ్మని. తర్వాత ఆయనకు టౌపో వైపు ఒక డెయిరీ ఫారంలో పని దొరికితే వెళ్ళిపోయారు. మూడు గంటల దూరం. చుట్టూ గడ్డి, ఆవులు, కొండలు.

పాపకు అప్పటికి పన్నెండేళ్ళు. ఖురాన్ మొత్తం కంఠస్థం చేయాలని ఆ పిల్ల పట్టుబట్టింది. ఎవరూ బలవంతం చేయలేదు, వాళ్ళ నాన్నే వద్దు స్కూలు చదువు పాడవుతుందన్నాడు. ఇంటర్నెట్‌లో ఒక టీచరమ్మ పాఠం చెబుతుంది, కానీ ఫారంలో ఫోన్ మాట్లాడేంత సిగ్నలే ఉంది, వీడియోకి చాలదు. అందుకని రోజూ సాయంత్రం వాళ్ళమ్మ పాపను ట్రక్కులో కొండమీదికి తీసుకెళుతుంది. ముందుసీట్లో టాబ్లెట్ పెట్టుకుని ఆ పిల్ల వల్లిస్తుంది, వర్షం పడితే సిగ్నల్ పోతుంది, ఇద్దరూ దిగి వస్తారు. స్కూలు చదువూ ఖురానూ రెండూ ఒకేచోట నేర్పే బడి ఎక్కడుందా అని మూడేళ్ళుగా వెతుకుతున్నారు. అలాంటిది ఒకటి టకానినిలో, పెద్దమ్మ ఇంటికి రెండు వీధుల అవతల వస్తోందని తెలిస్తే ఇక వాళ్ళ సంబరం చెప్పాలా? నాకు అప్పుడే చెప్పకుండా అన్నీ ఖాయమయ్యాక చెప్పి ఆశ్చర్యపరుద్దామనుకున్నారట.

"అక్కా, మీ వీధిలో నీ పేరు ఇంకెవురికన్నా ఉండాదా?" అంది చెల్లెలు. ఆ గొంతు నాకు కొత్త.

"లేదే. ఏం?"

"కౌన్సిలోళ్ళ వెబ్‌సైట్‌లో నీ పేరు చూసినా. హాస్టల్ వద్దని రాసినావు. ఏంటికక్కా?"

మన దగ్గర సంతకాల కట్టలు ఎక్కడికి పోతాయో ఎవరికీ తెలియదు. ఎవరో పట్టుకెళ్ళి ఏదో ఆఫీసులో ఇస్తారు, ఫొటో దిగుతారు, ఆ కట్ట బీరువా మీద కూర్చుని దుమ్ము తింటుంది. నేనూ అదే లెక్కలో ఉన్నాను. ఇక్కడ మాత్రం వచ్చిన ప్రతి కాగితాన్నీ జనమంతా చదువుకోవడానికి ఇంటర్నెట్‌లో పెడతారు. నా చెల్లెలు రోజూ అవి తెరిచి, కావాలన్నవాళ్ళు ఎంతమంది, వద్దన్నవాళ్ళు ఎంతమంది అని చూసుకుంటోంది. అందులో నా పేరుంది, నా వీధి ఉంది, కోడి కెలికిన సంతకమూ ఉంది.

"పార్కింగ్ కష్టమవుతుందని..." అన్నాను. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది నా జవాబు. నాకే సిగ్గేసింది.

"నువ్వు కారు గరాజులో పెడతావు కదక్కా" అంది ఆమె. "పాపకి చెప్పలేదు. నువ్వు దీన్ని ఎట్లన్నా సరిచెయ్యి. చెయ్యలేకపోతే మళ్ళా నాకు ఫోన్ చెయ్యొద్దు."

కోపం వచ్చింది. అంకుల్ మీద కాదు, నామీద నాకే. ఊరందరికీ నీతులు చెప్పేదాన్ని, ఆఫీసులో మేనేజరుతో కూడా చదవని కాగితం మీద సంతకం పెట్టనని వాదించేదాన్ని, ప్లేటులో కోడిముక్క ఉండేసరికి బుద్ధి ఎటు పోయింది?

టీ అక్కడే వదిలేసి కౌన్సిల్‌కి ఫోన్ చేశాను. ఫైలు చూసే అమ్మాయి నా ఫారం తెరిచింది. "మీరు అభిప్రాయం వెనక్కి తీసుకోవచ్చు. ఒక ఈమెయిల్ చాలు" అంది. ప్రాణం లేచొచ్చింది. అంతలో తనే అంది, "కానీ మీరు కౌన్సిల్ జరిపే బహిరంగ విచారణకు వచ్చి స్వయంగా మాట్లాడతానని టిక్కు పెట్టారు. మీ పేరు జాబితాలో ఉంది. అది కూడా తీసేయమంటారా?"

అంకుల్ కట్టలో ఆయన తప్ప అందరూ విచారణకు రామని పెట్టారు. నేనొక్కదాన్నే, ఎడమచేత్తో, వస్తానన్న గడిలో పెట్టాను.

ఒక్క క్షణం ఆలోచించాను. వెనక్కి తీసుకుంటే నేను వద్దనలేదు అని అర్థం, అంతే. కావాలని అన్నట్టు కాదు. "తీసేయొద్దు. వస్తాను. వచ్చి వేరే మాట చెప్పొచ్చా?" అని అడిగాను. "మీ పది నిమిషాలు మీవి" అంది ఆ అమ్మాయి. నాకు ఈ దేశం నచ్చిన రోజుల్లో అదొకటి.

సాయంత్రం అంకుల్‌కి ఫోన్ చేసి చెప్పాను. వెనకనుంచి దెబ్బతీశానని ఆయన అనుకోకూడదు.

"నేను విచారణకు వెళ్ళి హాస్టల్ కావాలని చెబుతున్నానంకుల్. మీకు ముందే చెప్పాలని చేశాను."

ఆయన టీవీ శబ్దం తగ్గించారు. "నీ ఇష్టం అమ్మా. నీకు నోరుందిగా, చెప్పుకో. నేను మాత్రం పార్కింగ్ గురించి మాట్లాడతా" అన్నారు. ఆయన కోపంగా లేరు, నొచ్చుకున్నారు. దానికి నేను చేయగలిగిందేమీ లేదు.

ఆ వారం రోజులూ ముసాయిదా కూర్చుని చదివాను. అప్పుడు మొదటిసారి చదివాను, ఆ మాట దాచను. కార్లు ఎన్ని పట్టాలి, బస్సు ఎక్కడ ఆగాలి, ప్రార్థన పిలుపు భవనం బయటికి వినిపించకూడదు, దీపాలు పక్కింటి కిటికీల్లో పడకూడదు, కంచె పొడవునా ఏ జాతి మొక్కలు నాటాలి, అవి ఎంత ఎత్తు పెరగాలి. మొక్కలకే ఒక పేజీ ఉంది. వందమంది ఆడపిల్లలు అమ్మానాన్నలను వదిలి బతకబోయే ఇల్లు అది. ఆ పిల్లల గురించి ఒక్క వాక్యం లేదు. చదువుతూ చదువుతూ నాకు ఒళ్ళు మండిపోయింది. ఒళ్ళు మండితే నాకు మాటలు బాగా వస్తాయి.

ఎందుకంటే హాస్టల్ అంటే ఏమిటో నాకు తెలుసు. ఇంటర్ రెండేళ్ళు విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివాను. అక్కడ దేవుడి గురించి ఎవరూ ఎత్తేవారు కాదు, ఎంసెట్ ర్యాంకే దేవుడు. తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, మధ్యలో సాంబారు. మా తెలుగువాళ్ళలో సగంమంది అలాంటి చోట్ల నుంచే వచ్చారు. అలాంటి మేము, ముస్లిం పిల్లల హాస్టల్ అనగానే అదేదో మనకు అంతుబట్టని వింత అన్నట్టు ప్యాడ్‌లు పట్టుకు తిరిగాం.

విచారణ రోజున ఆఫీసుకు సెలవు పెట్టి వెళ్ళాను. కౌన్సిల్ భవనంలో పొడవాటి గది. ముందు బల్ల దగ్గర ముగ్గురు కమిషనర్లు, మధ్యలో ఉన్న అధ్యక్షురాలు నెరిసిన జుట్టు ఆవిడ. ఒక పక్క బడి తరఫువాళ్ళు, వాళ్ళలో హిజాబ్ కట్టుకున్న ఫిజీ ఆవిడ కాబోయే ప్రిన్సిపాల్. వెనక కుర్చీల్లో జనం. అంకుల్ సూటు వేసుకుని వచ్చారు. నాకంటే ముందు ఆయన మాట్లాడారు, కార్ల గురించి, శుక్రవారం రద్దీ గురించి. బాగా తయారై వచ్చారు, బొమ్మ కూడా గీసుకొచ్చారు. ఆయన చెప్పినవాటిలో రెండు మాటలు న్యాయమైనవే.

తర్వాత నా పేరు పిలిచారు. ఇంగ్లీషులోనే మాట్లాడాను.

ముందుగా, ఈ కాగితం చదవకుండా సంతకం పెట్టానని, అందులో రాసింది నా అభిప్రాయం కాదని చెప్పాను. వెనక ఎవరో నవ్వారు. నేనూ నవ్వి, అసలు మాటలోకి వచ్చాను. "మొక్కలు ఎంత ఎత్తు పెరగాలో రాశారు. పిల్లల సంగతి రాయలేదు. దాని గురించి చెప్పడానికి వచ్చాను."

అధ్యక్షురాలు మర్యాదగానే ఆపింది. హాస్టల్ లోపలి సంగతులు విద్యాశాఖ లైసెన్సు చూసుకుంటుందని, ఇక్కడ చూసేది పొరుగువారి మీద పడే ప్రభావం మాత్రమేనని అంది.

"మేడం, ఆ పిల్లల్లో ఒకతి మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండబోతోంది. పొరుగంటే ఆ పిల్ల కూడా నాకు పొరుగే కదా" అన్నాను. ఆవిడ పక్కవాళ్ళ వైపు చూసింది. చెప్పమన్నట్టు తలూపింది.

అప్పుడు చెప్పాను. మా కాలేజీలో ఇంటికి ఫోన్ ఆదివారం మాత్రమే, మనిషికి ఐదు నిమిషాలు. ఫోన్ వరండాలో ఉండేది. పక్కనే కుర్చీలో వార్డెన్ మేడం చేతి గడియారం చూసుకుంటూ కూర్చునేది. వెనక నలభైమంది క్యూ. రెండో ఏడాది నాకు కామెర్లొచ్చాయి. అన్నం సయించేది కాదు, మెట్లెక్కలేకపోయేదాన్ని. ఆదివారం రాగానే "బాగున్నాను నాన్నా, బాగా చదువుతున్నా" అనేదాన్ని. మూడు ఆదివారాలు అలాగే అన్నాను. మేడం కొట్టేది కాదు, తిట్టేది కూడా కాదు. పక్కన కూర్చునేది, అంతే. దసరా సెలవులకు తీసుకెళ్ళడానికి వచ్చిన నాన్న నా కళ్ళు చూసి గేటు దగ్గరే కూలబడ్డారు.

ఈ సంగతి అంతకుముందు ఎవరికీ అంత వివరంగా చెప్పలేదు. ముక్కూ మొహం తెలియని ముగ్గురు కమిషనర్ల ముందు, మైకులో చెప్పాను. నాకు బరువుగా అనిపించలేదు. ఇరవయ్యేళ్ళు ఆలస్యమైందని మాత్రం అనిపించింది.

అప్పుడు ఫిజీ ఆవిడ అధ్యక్షురాలి అనుమతి తీసుకుని నన్ను ఒక ప్రశ్న అడిగింది. "ఆ రోజుల్లో మీకు ఏముంటే బాగుండేది?"

ఆలోచించే అవసరం లేకపోయింది. "తలుపున్న గదిలో ఒక ఫోన్. ఆ తలుపుకు లోపలినుంచి గడియ. పాఠాలు, ప్రార్థనలు జరిగే వేళ తప్ప ఎప్పుడైనా చేసుకునే వీలు. ఎవరికి చేశావని ఎవరూ అడగకూడదు" అన్నాను.

ఆవిడ రాసుకుంది. రాసుకుని, "ప్రార్థన వేళ మాత్రం ఎందుకు మినహాయించాలి? జ్వరం నమాజు చూసుకుని వస్తుందా?" అంది. తర్వాత అధ్యక్షురాలితో, ఇది నియమాల్లో పెట్టే అధికారం మీకు లేకపోతే మేమే స్వచ్ఛందంగా రాసిస్తాం, మా నిర్వహణ ప్రణాళికలో చేర్చి దాన్ని షరతుగా పెట్టండి, అంది. పెద్ద గొంతు కాదు. ఆ మాటతో నాకు ఆ బడి మీద నమ్మకం కుదిరింది. పాపను కళ్ళు మూసుకుని పంపొచ్చు అనుకున్నాను.

బయట కార్ల దగ్గర అంకుల్ నాకోసం ఆగి ఉన్నారు. తిడతారేమో అనుకున్నాను. తాళాలు చేతిలో తిప్పుతూ నిలబడ్డారు.

"మా పెద్దదాన్ని నేనూ అలాంటి కాలేజీలోనే వేశానమ్మా, ఇక్కడికి రాకముందు" అన్నారు. "అదీ ఎప్పుడు ఫోన్ చేసినా బాగున్నాననే చెప్పేది."

ఆయన కారు తలుపు తీసి, ఎక్కబోతూ ఆగారు. "పార్కింగ్ సంగతి మాత్రం నేను వదలను, చెబుతున్నా" అన్నారు. వదలకండి అంకుల్ అన్నాను. ఆ సాయంత్రమే మెల్‌బోర్న్‌లో ఉన్న కూతురికి ఫోన్ చేసి గంటసేపు మాట్లాడారని ఆంటీ తర్వాత చెప్పింది.

కొన్ని వారాలకు నిర్ణయం వచ్చింది. హాస్టల్‌కి అనుమతి ఇచ్చారు. అంకుల్ అడిగినట్టు శుక్రవారాలు కార్లకు వేరే ఏర్పాటు పెట్టమన్నారు. మొక్కల పేజీ అలాగే ఉంది. చివర్లో, బడివారు స్వచ్ఛందంగా ఒప్పుకున్న షరతు అని, నాలుగు వరుసలు: తలుపు, గడియ, ఫోన్, అడగకపోవడం. ఆ పేజీని ఫొటో తీసి చెల్లెలికి పంపాను, పక్కన ఏమీ రాయలేదు. రెండు నిమిషాల్లో ఫోన్ వచ్చింది.

"అక్కా" అంది. ఈసారి గొంతు నాకు తెలిసిన గొంతే. "పాపకి ఇప్పుడు చెప్పినా. ట్రక్కు పైకెక్కి గంతులేస్తాంది."

భవనం పూర్తయి హాస్టల్ తెరిచిన ఏడాది, ఇక్కడ బళ్ళు తెరిచే జనవరి చివర్లో పాపను తెచ్చి దింపారు. పరుపు, బకెట్టు, చెప్పులు మోసింది నేనూ చెల్లెలూ. చెల్లెలు ఏడ్చింది, పాప ఏడవలేదు. నాలుగోరోజు నేను బస్సులో ఉండగా చెల్లెలు ఫోన్ చేసింది. కంగారుగా ఉంది.

"ఒకటే పోరక్కా! పప్పులో ఉప్పు లేదంట. పక్క మంచం పిల్ల గురక పెడతాందంట. వార్డెనమ్మ స్నానానికి పది నిమిషాలే ఇస్తాందంట, అది అన్యాయమంట. వాళ్ళ టీచరు కంటే కొండమీద టీచరే నయమంట. అర్ధగంట చెప్పింది. యాడుండి మాట్లాడతాండావు పాపా, వార్డెనమ్మ వింటాదేమో అంటే, ‘లాక్ చేసుకున్నా మమ్మీ, డోంట్ వరీ’ అనె. ఏం జేసేది? పోయి పిల్చుకొచ్చేదా?"

బస్సులో అందరూ తిరిగి చూసేలా నవ్వాను. "ఎందుకు తీసుకురావడం? నోరు విప్పి చెబుతోంది కదే. నేను రెండేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి చెప్పలేదు."

అవతల ఆవులు అరవడం వినిపించింది.

"అయితే అల్లా దయవల్ల ఆ పిల్ల నోరు ఎప్పుడూ మూతపడకుండా ఉండనీ" అంది చెల్లెలు, ముక్కు చీదుతూ.

శనివారం పాపను మా ఇంటికి తీసుకెళ్ళడానికి హాస్టల్‌కి వెళ్ళాను. గేటు దగ్గర సంచీతో నిలబడి ఉంది. "పదింటికి వస్తానన్నావు పెద్దమ్మా. ఇట్స్ టెన్ ఫిఫ్టీన్. ఎవ్రీబడీ ఎల్స్ వెళ్ళిపోయారు" అని మొదలుపెట్టింది. ఉప్పు దగ్గర నుంచి గురక దాకా అన్నీ వచ్చాయి. కారు తాళం జేబులో వేసుకుని, అక్కడే నిలబడి, మొత్తం విన్నాను.